వంకరకాళ్ల గొర్రెపిల్లలు

పశువుల ఆసుపత్రిలో ముప్పై నాలుగేళ్లు కాంపౌండరుగా పనిచేశాను. చూసిన ప్రతి పశువు గురించీ ఆ రోజే రెండు వరుసలు డైరీలో రాయడం అలవాటు. రిటైరైనా అది పోలేదు. ఓర్వకల్లు దాటి లోపలికొస్తే వచ్చే మా ఊళ్లో ఇప్పటికీ గొర్రె ఈనలేక అవస్థ పడితే నన్నే పిలుస్తారు.

ఆ ఏడాది చలికాలంలో మా వీధి చివర దూదేకుల ఇంటి ఇల్లాలు పిలిస్తే వెళ్లాను. ముప్పై గొర్రెల మంద వాళ్లది. అప్పుడే పుట్టిన పిల్లకు ముందుకాళ్లు లోపలికి మెలితిరిగి ఉన్నాయి. కింది దవడ పొట్టిది. పాలు కుడవలేక సాయంత్రానికి చచ్చిపోయింది. ఆ ఈతలో అలాంటిది మూడోది.

అంతకు రెండేళ్ల ముందు ఎవరో సర్వేవాళ్లు వచ్చి మా గుట్టల కింద లోతుగా బోర్లు వేసి రాళ్లు తీసుకుపోయారు. యురేనియం కోసమని, అది నీళ్లలో కలిసిందని ఊళ్లో అనుకున్నారు. ఇప్పుడు టీకొట్టు దగ్గర ఒకాయన ఫోనులో చెర్నోబిల్ వీడియో పెట్టి, అణుప్రమాదం తర్వాత అక్కడ పుట్టిన దూడలివంటూ అందరికీ చూపించాడు. ఆ గొర్రెల ఇల్లాలి భర్త అటు రాగానే ఫోను ఆయనే అడిగాడు:

"ఏమప్పా, మీ గొర్రెలు చీకట్లో మెరుస్తాండాయంట గదా! కరెంటు బిల్లు మిగిలిందిలే పో!"

ఆయన అందరితో పాటు నవ్వాడు. ఇంటికొచ్చి అన్నం ముట్టలేదని భార్య చెప్పింది. ఆమె భయం మాత్రం గొర్రెల గురించి కాదు. పెళ్లయిన ఆరేళ్లకు కడుపు పండిన కూతురిని ఏడో నెలలో పురిటికి తెచ్చుకున్నారు.

"సారూ, గొర్రెలు పోతే పోనీ. మా పాప గూడా గొర్రెలు తాగే నీళ్లే తాగుతాండాది. ఈడ పెట్టుకోవల్నా, బద్వేలుకు అత్తగారింటికి పంపించల్నా? పురిటికి తెచ్చిన బిడ్డను ఎనక్కి పంపితే వాళ్లేమనుకుంటారు? నువ్వే చెప్పు."

"నాకు తెలీదమ్మా. రెండు దినాలు ఆగు," అన్నాను.

ఆ రెండు రోజులూ దొరికింది చదివాను. ఆ ప్రమాదం జరిగిన చోట పైన్ చెట్ల అడవి ఎర్రబారి చచ్చిందట. తర్వాత మొలిచిన చెట్లలో కొన్ని నిట్టనిలువు మాను లేకుండా పొదల్లా పెరిగాయట. కొన్ని పిట్టల ఈకల్లో తెల్ల మచ్చలు కనబడ్డాయట. ప్రమాదానికి ముందు అవకరంతో ఎన్ని పుట్టేవో సరైన లెక్క లేకపోవడం అక్కడి శాస్త్రవేత్తలకు పెద్ద చిక్కని కూడా చదివాను. ఆ మాట దగ్గర ఆగిపోయాను. ముందటి లెక్క నా బీరువాలో ఉంది.

డైరీలు దించాను. ఆ ఇంట్లో మొదటి వంకరపిల్ల పుట్టింది బోర్లు పడకముందే, ఆరు నెలల ముందు. వీళ్ల మంద తాగే ఊరి తొట్టిలోనే నీళ్లు తాగే మందలు ఊళ్లో ఇంకో నాలుగున్నాయి. నాలుగిళ్లకూ నడిచి అడిగాను. ఒక్కదాంట్లోనూ అలాంటి పిల్ల లేదు.

మూడోరోజు ఆమె ఎదుట డైరీ పెట్టుకుని కూర్చున్నాను. తన గొర్రెల వంశం ఆమెకు నోటికొచ్చు. "ఇది చుక్కదాని కూతురు, అది చెవులదాని కూతురు..." అని చెబుతుంటే రాసుకుంటూ పోయాను. వంకరపిల్లల్ని ఈనినవన్నీ ఆ దొడ్లో పుట్టినవే. ఆ తల్లులకూ, వాటి పిల్లలకూ తండ్రి ఒకటే, మందలోని పొట్టేలు.

ఐదేళ్ల కిందటి పేజీ తిప్పాను. నా చేతిరాతే. "మగపిల్లలు ఏడు. ఆరింటికి విత్తు కొట్టాను. ఒకటి దర్గాకు మొక్కు. వదిలేశాను."

కూతురికి సంతానం కలిగితే పొట్టేలునిస్తామని మొక్కుకున్నారు. మొక్కిన జీవానికి కత్తిగాటు గానీ లోపం గానీ ఉండకూడదు, అమ్మకూడదు. ఇన్నేళ్లూ కూతురి కడుపు పండలేదు కాబట్టి అది విత్తు కొట్టని మగజీవంగా మందలోనే ఉండిపోయి, తన కూతుళ్లతోనే జతకట్టింది.

"రేడియేషన్ విత్తనంలోనే కొత్త లోపం, మచ్చలాంటిది పెడుతుందమ్మా. ఇది ఆ మచ్చ కాదనుకుంటా. పాతది, దాగి ఉండింది. తండ్రి మచ్చే కూతురిలోనూ ఉంటుంది గదా, రెండూ పిల్లలో కలిసి బయటపడినాయి."

ఆమె దొడ్లో ఉన్న పొట్టేలు వైపు చూసింది.

"అంటే పాప కోసరం మొక్కిందే..."

"మొక్కుది తప్పు కాదు. మందలో వదలడం తప్పు. ఏటేటా మందకు సూది వేసిపోయినోన్ని, దాన్ని ఎందుకు వదిలినారని నేనూ అడగలేదు. సగం తప్పు నాది."

గడపలో నిలబడి వింటున్న ఆమె భర్త అప్పుడు నోరు విప్పాడు. "అల్లునికి గూడా ఇన్ని మర్యాదలు జరగలేదు సారూ దీనికి జరిగినట్ల. కడుపు నిండా మేసి, ఇంత పని చేసిందా!"

ఆమె నవ్వింది, కళ్లు తుడుచుకుంది.

"అయితే నీళ్లు మంచివేనా?"

అది మాత్రం నా డైరీ చెప్పదని నిజమే చెప్పాను. సీసాలో పట్టి పరీక్షకు పంపాము. ఫలితం వచ్చేదాకా పాప క్యాను నీళ్లు తాగాలన్నాను. కూతురు ఇక్కడే ఉండిపోయింది. పొట్టేలును వేరుగా కట్టేశారు.

రెండు నెలలకు కర్నూలు ఆసుపత్రి నుంచి ఆమె ఫోను చేసింది. "ఆడబిడ్డ సారూ! చేతి ఏళ్లు ఒగొగటి ఎంచినా. కాళ్లు శానా చక్కంగ ఉండాయి."

సంతోషమని చెప్పి, అలవాటు కొద్దీ పెన్ను తీశాను. ఆమెకు అక్కడికే తెలిసిపోయినట్టుంది.

"రాస్తాండావా? గొర్రెల పుస్తకంలో రాయొద్దు సారూ. మా పాప బిడ్డకు వేరే పుస్తకం పెట్టు."

పెట్టాను. మొదటి పేజీలో బిడ్డ పుట్టిన రోజు, బరువు ఉన్నాయి. మొక్కు తీర్చడానికి దర్గా ఉరుసుకు పొట్టేలును తోలుకుపోయిన రోజూ రాశాను. వాటి కింద నీళ్ల పరీక్ష కోసం ఒక వరుస ఖాళీగా వదిలాను. ఫలితం ఇంకా రాలేదు. వారానికోసారి ఫోను చేసి అడుగుతూనే ఉన్నాను.