రెండు పొంగుల తరవాణి

నా ఫోను నా వేలిని గుర్తుపట్టదు. తడి వేలైతే అసలే పట్టదు, పొడి వేలైతే ఆలోచించి చెబుతానంటుంది. ఈ బాధ మా పెద్దమ్మ దగ్గర వెళ్లబోసుకోవడం తెలివితక్కువ. పలాసలో ముప్పై ఏళ్లుగా జీడిపిక్కలు కొట్టే చేతులు ఆమెవి. డొల్లలోంచి కారే చమురు వేలిముద్రల్ని ఎప్పుడో తినేసింది. చర్మం నల్లబడి, పొక్కి, ఊడి, మళ్లీ వస్తుంటుంది.

పని నుంచి రాగానే ఆమె తరవాణి కుండ దగ్గరికి వెళ్లేది. రోజూ గంజి పోస్తుంటే పులిసి తేటపడే నీళ్లవి. అత్తగారి నాటి కుండ, ఎన్నడూ పూర్తిగా ఖాళీ చెయ్యలేదు. గిన్నెలోకి వంచుకుని, చేతులు ముంచి, కళ్లు మూసుకునేది. చెమటకాయల పిల్లల్నీ, తామర పట్టిన పెద్దల్నీ చుట్టుపక్కలవాళ్లు ఆమె దగ్గరికే తెచ్చేవారు. "తరవాణి మా ఇంట్లోనూ ఉందమ్మా, నీ సెయ్యి మంచిది" అనేవారు. మందు వల్ల తగ్గేదో, తగ్గే రోజులొచ్చి తగ్గేదో నాకు తెలియదు. పేరు మాత్రం ఆమె చేతికొచ్చేది.

నేను అప్పటికి టెక్కలిలో మైక్రోబయాలజీతో డిగ్రీ పూర్తి చేసి, ఉద్యోగం తప్ప అన్నీ ఉన్న దశలో ఉన్నాను. కూతురి పురిటికి ఇచ్ఛాపురం వెళ్తూ పెద్దమ్మ ఆ కుండను నాకు అప్పగించింది.

"రోజూ గంజి సల్లారాక పొయ్యి. అంతే. నీ సదువు అందులో ముంచకు."

ముంచాను. మూత తీస్తే పైన తెల్లటి పొర, క్రిములదే. పిల్లల ఒంటికి రాసే నీళ్లు శుభ్రంగా ఉండాలి కదా అని మొత్తం గిన్నెలోకి వంచి, స్టవ్ మీద రెండు పొంగులు రానిచ్చి, కుండను వేడినీళ్లతో కడిగి మళ్లీ పోశాను. పులిసేదే ఆ క్రిముల వల్లనని మూడేళ్లు చదివి, పరీక్షలో రాసి, ఫస్ట్ క్లాసు తెచ్చుకున్నవాణ్ణి. నాలుగో రోజుకు కుండ పులుపు వాసన మాని కుళ్లు వాసన పట్టింది.

తిరిగొచ్చిన పెద్దమ్మ వంగి వాసన చూసింది. "ఏటైందిరా?"

"ఎండలు, పెద్దమ్మా" అన్నాను. ఎండలు నిజమే.

ఆమె ఎండల్ని నమ్మలేదు, నన్ను అనుమానించలేదు. ఇక మిగిలింది ఆమె చెయ్యే. ఎదురింటావిడ తమ కుండలోంచి తోడుకు ఇస్తానంటే వద్దంది. ఆ తర్వాత ఎవరు బిడ్డను తెచ్చినా "ఆస్పత్రికి ఎల్లండమ్మా, నా సెయ్యి సెడిపోనాది" అనేది. సలహాగా చూస్తే మంచిదే. తన చేతులకు నేను కొనిచ్చిన ట్యూబు రాసుకునేది. మంట తగ్గిందా అని అడిగితే "వాసన బాగుందిరా" అనేది.

ఆవకాయ కలపడం కూడా కోడలికి వదిలేసింది. తను గడప అవతల పీట మీద కూర్చుని, ఉప్పూ కారం పాళ్లు నోటితో చెప్పేది. జాడీ ముట్టుకునేది కాదు. అలా ఎనిమిది వేసవులు. ప్రతి వేసవిలోనూ నేను ముక్క రుచి చూసి, బాగుందన్నాను. చెప్పాల్సింది అది కాదని తెలుసు.

మొన్న కోడలు మామిడికాయలు తుడుస్తుంటే చెప్పేశాను, కుండను మరగబెట్టింది నేనేనని. నవ్వించి తేలిక చేద్దామని ఫస్ట్ క్లాసు సంగతి కూడా చేర్చాను. కోడలు నవ్వింది. పెద్దమ్మ తన అరచేతులు తిప్పి చూసుకుంది.

"మరగబెడితే మరగబెట్టినావులే" అంది. "ఎనిమిదేళ్లు నాను పీట మీద కూకుంటే సూసుకుంటా ముక్క తిన్నావు గదరా, నీకు గొంతు ఎలగ దిగినాది?"