మైకులో పిలిచిన పేరు

మొన్న మంగళగిరిలో చీరల కొట్టాయన నన్ను చూడగానే ఎప్పటిలాగే రెండు నేత చీరలు తీసి పరుపు మీద పరిచాడు. "క్రిస్మస్ కదమ్మా, మీకొకటి, చెల్లెలుగారికొకటి. రంగులు చూసుకోండి" అన్నాడు. ఇన్నేళ్ళుగా నాకు అలవాటైన మాటే అది. "ఒక్కటి చాలండి" అన్నాను. మర్యాదస్తుడు, ఎందుకని అడగలేదు. రెండో చీరను మడత చెడకుండా మళ్ళీ బీరువాలో పెట్టేశాడు. అడిగివుంటే ఏం చెప్పేదాన్నో ఇంటికొచ్చాక చాలాసేపు ఆలోచించాను. చెల్లెలు లేక కాదు. ఉంది. నేనుండే అపార్టుమెంటు దగ్గర బస్సెక్కితే గంటలోపే చేరుకునేంత దూరంలోనే ఉంది.

మేము ముగ్గురం. అన్నయ్య హెడ్మాస్టరుగా రిటైరై ఒంగోల్లో స్థిరపడ్డాడు. నేను గుంటూరులో నర్సుగా చేసి, మా ఆయన పోయాక, పిల్లలు కూడా లేరు కనుక, ఈ రెండు గదుల్లో ఒక్కదాన్నే ఉంటున్నాను. చెల్లెలికి మాత్రం చదువబ్బలేదు. పదో తరగతి రెండుసార్లు రాసి, "మూడోసారి రాస్తే పేపర్లు దిద్దేవాళ్ళకి కూడా నామీద జాలేస్తుందక్కా" అని నవ్వి పెళ్ళి చేసుకుంది. మరిది కౌలుకు మిరప వేసేవాడు. నెమ్మదస్తుడు. రెండేళ్ళు వరసగా పురుగు పట్టి తోట పోయింది. మూడో ఏడు పక్షవాతం వచ్చి కుడి వైపు పడిపోయింది. ఇక అప్పట్నుంచి ఆయన పెన్షనూ, కార్డు మీద వచ్చే బియ్యమూ, చెల్లెలు పత్తి తీతకు పోయి తెచ్చే కూలీ, వీటితోనే ఆ ఇల్లు నడిచేది.

క్రిస్మస్ నాటి ఉదయం నేను వాళ్ళ ఊరు వెళ్ళేదాన్ని. చిలకలూరిపేట దాటాక రోడ్డుకి రెండు పక్కలా పత్తి చేలు, వాటి మధ్య అప్పుడప్పుడే ఎరుపెక్కుతున్న మిరప తోటలు. బస్సు దిగేసరికి చెల్లెలు స్టాపు దగ్గర నిలబడి ఉండేది. పత్తికాయల మొనలు గీరుకుని వేళ్ళన్నీ గరుకుగా ఉండేవి, ఆ చేత్తోనే నా బుగ్గ పుణికేది. ఆరాధన అయ్యాక వాళ్ళింట్లో భోజనం. వచ్చేటప్పుడు పండుమిరపకాయ పచ్చడి సీసాడు నా సంచిలో పెట్టేది. నేను తెచ్చిన చీర, మరిదికి చొక్కా, ఇంట్లోకి సరుకులు మంచం మీద పెట్టి, "కొట్లో తగ్గింపు ఇచ్చాడే, రెండు కొన్నాను" అనేదాన్ని. ఆ తగ్గింపు ఏటా ఎలా ఇస్తున్నాడో అది ఎప్పుడూ అడగలేదు. దాని పచ్చడి ఎక్కువైందని నేనూ ఎప్పుడూ అనలేదు. మా ఇద్దరికీ అదో పద్ధతి.

ఆ పద్ధతిని కదిపింది అన్నయ్య. జీవితమంతా పిల్లలకి పాఠాలు చెప్పిన మనిషి, రిటైరయ్యాక క్లాసు లేక ఫోనులో నాకు చెప్పేవాడు. "ప్రభుత్వం పెన్షనిస్తోంది, బియ్యమిస్తోంది. మళ్ళీ నువ్వు కూడా పెడుతూ పోతే వాళ్ళు ఎప్పటికి తేరుకుంటారే? వాళ్ళింట్లో టీవీ చూశావా? నా ఇంట్లో కూడా లేదు అంత పెద్దది" అన్నాడు. కదల్లేని మనిషి రోజంతా గోడకేసి చూస్తూ ఎలా పడుకుంటాడు అన్నయ్యా అని అడగాలనుకున్నాను. అడగలేదు. ఎందుకంటే నా మనసులోనూ ఓ ముల్లుంది. ముందటేడు నేనిచ్చిన ఆకుపచ్చ చీర, ఆ ఊళ్ళోనే మరొకావిడ కట్టుకోగా చూశాను. చెల్లెల్ని అడిగితే, "ఆ పిల్లకి సీమంతమక్కా, కట్టుకోడానికి మంచిది లేదంది, ఇచ్చేశాను" అని తేలిగ్గా చెప్పింది. నేను నవ్వాను గానీ, నాకు గుచ్చుకుంది. నేను ఏరి ఏరి కొన్న చీర ఇవ్వడానికి ఇదెవరు అనిపించింది. ఇచ్చాక అది నాది కాదని నాకెందుకు తట్టలేదో.

ఆ ఏడు డిసెంబరంతా ఇవ్వాలా వద్దా అని కొట్టుమిట్టాడాను. ఇస్తే అన్నయ్య మాట, ఇవ్వకపోతే నా మనసు. చివరికి తెలివైన ఉపాయం దొరికిందనుకున్నాను. వాళ్ళ ఊరి పాస్టరుగారికి ఫోన్ చేసి, చీరా సరుకులూ ముందే పంపిస్తానని, సంఘం తరఫున మా చెల్లెలికి ఇవ్వమని, నా పేరు చెప్పవద్దని అడిగాను. ఆయన సంతోషించి, "తప్పకుండానమ్మా, అందరితోపాటు ఇచ్చేస్తాం" అన్నాడు. అందరితోపాటు అంటే ఏమిటో నేను అడగలేదు.

ఆ ఉదయం గుడి నిండిపోయింది. ఆడవాళ్ళ వైపు చాప మీద చెల్లెలు నన్నానుకుని కూర్చుంది. కొబ్బరినూనె వాసనా, కొత్త బట్టల గంజి వాసనా. పాటల్లో దాని గొంతు అందరికంటే పైనుంది. అదంతా అయ్యాక సంఘ పెద్ద ఒకాయన మైకు తీసుకుని, "మన సంఘంలోని నిరుపేద కుటుంబాలకు క్రిస్మస్ కానుకలు" అన్నాడు. ముగ్గురు ముసలమ్మలు వెళ్ళారు. నాలుగో పేరు చెల్లెలిది. దానికి మొదట అర్థం కాలేదు. ఇంకెవరైనా లేస్తారేమోనని చూసింది. ఆయన ఇంటిపేరుతో సహా రెండోసారి పిలిచాడు. గుడంతా తలతిప్పింది. అది పైట సర్దుకుని లేచి వెళ్ళి, రెండు చేతులతో సంచి పుచ్చుకుంది. సంఘం వాట్సాప్ గ్రూపు కోసం ఎవరో ఫోటో తీస్తే నవ్వింది కూడా. వెనక్కొచ్చి కూర్చుంది. ఈసారి నాకూ దానికీ మధ్య జానెడు చాప ఖాళీగా ఉంది.

ఇంట్లో మామూలుగానే వడ్డించింది. కోడికూర కారం సరిపోయిందా అని అడిగింది. మరిది మంచం మీంచి, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ, "వదినగారూ, మా పేరు... ఎవరు రాయించారో... మీకేమన్నా తెలుసా?" అన్నాడు. "నాకెలా తెలుస్తుందండీ" అన్నాను. నలభై ఏళ్ళ ఉద్యోగంలో రోగులకి ఎన్నో అబద్ధాలు చెప్పాను, తగ్గిపోతుందని, రేపు ఇంటికి పంపిస్తారని. అంత నీచమైన అబద్ధం మాత్రం ఎన్నడూ చెప్పలేదు. సాయంత్రం బస్సు దగ్గర పచ్చడి సీసా నా సంచిలో పెడుతూ, "ఆ చీర అంచు మీ కొట్లోదే గదక్కా" అంది, అంతే. బస్సు వచ్చేసింది.

మరుసటేడు ఫోన్ చేస్తే, "పత్తి తీతలున్నాయక్కా, పండగ చేసుకోవట్లేదు" అంది. ఆ పై ఎండాకాలంలో మరిది పోయాడు. వెళ్ళాను, ఏడ్చాను, క్షమించమని అడగడానికి అది సమయం కాదనుకున్నాను. నిజానికి సమయం కాదనుకోవడమే నాకు సౌకర్యంగా ఉండింది. తర్వాత అది ఊరు విడిచి తుళ్ళూరు దగ్గర, భవనాలు కట్టే కూలీలకి భోజనం పెట్టే మెస్సులో వంటకి కుదిరింది. ఆ సంగతి కూడా అన్నయ్య చెబితేనే తెలిసింది.

పోయినేడు క్రిస్మస్ రోజు ఆరాధన కాగానే వట్టి చేతులతో అక్కడికి వెళ్ళాను. రేకుల షెడ్డు, పొడుగాటి బల్లలు, ఎక్కడెక్కడి రాష్ట్రాలనుంచో వచ్చిన మనుషులు. చెల్లెలు గరిటె పట్టుకుని నన్ను చూసి ఒక్క క్షణం ఆగింది. "కూచో అక్కా, వేడిగా ఉంది, తిను" అని వాళ్ళ మధ్యనే పళ్ళెం పెట్టింది. రద్దీ తగ్గాక ఎదురుగా వచ్చి కూర్చుంటే, "నీ పేరు రాయించింది నేనేనే" అన్నాను.

"తెలుసుగా అక్కా."

"నేనే ఇచ్చుంటే..."

"నీ చేత్తో గోనెపట్టా ఇచ్చినా కట్టుకునేదాన్ని. చీర సంగతి కాదు. ఆ మైకులో నా పేరు పిలుస్తుంటే, పక్కనున్నదానివి, నువ్వు కూడా అందరిలాగే నావైపు తిరిగి చూశావు. ఎవరో తెలీనట్టు. అది మర్చిపోలేకపోతున్నాను."

నేను ఏదో అనబోయాను. అది నా పళ్ళెంలో ఇంకో గరిటె పప్పు వేసి, "నీమీద కోపం లేదు. నువ్వు లేకుండా ఉండటం అలవాటైపోయింది, అంతే" అంది. లోపల్నుంచి ఎవరో పిలిస్తే లేచి వెళ్ళిపోయింది.

ఇప్పుడు ఆదివారాలు ఫోన్లో మాట్లాడుకుంటాం. దాని మోకాళ్ళ నొప్పులూ, నా బీపీ, అన్నయ్య ఉపన్యాసాలూ. అన్నయ్య ఇప్పటికీ తన మాటే రైటంటాడు, చూశావా, దాని కాళ్ళమీద అది నిలబడింది అంటాడు. చెల్లెలు ఆ మాటకి పెద్దగా నవ్వుతుంది. ఫోన్ పెట్టేముందు ప్రతిసారీ, "పండక్కి నా దగ్గరికి రావే" అంటాను. "వస్తాలే అక్కా" అంటుంది. అబద్ధమాడుతోందని నేననుకోను. వయసు మళ్ళాక రోజులు పరిగెడతాయంటారు గానీ, ఒక మనిషి వస్తానన్న మాటకీ ఆ మనిషి వచ్చే రోజుకీ మధ్య కాలం ఎంత నిదానంగా నడుస్తుందో నాకిప్పుడే తెలుస్తోంది.