అటక మీద దొరికిన హారతి పాట

మా చిన్నప్పుడు... అక్క శ్రీమంతానికి వారం రోజుల ముందు, ఇత్తడి గంగాళం దింపమని అమ్మ నన్ను అటక ఎక్కించింది. గంగాళం వెనకాల గోనెపట్టా కప్పుకుని తాతయ్య టేపురికార్డరు! దాని పక్కనే పేరు రాయని క్యాసెట్టు ఒకటి... అప్పుడు నాకు పద్నాలుగేళ్లు. గంగాళం సంగతి ఇంకెక్కడ గుర్తుంటుంది?

"గా డబ్బా ఎందుకే దింపినవ్? పాతసామానోనికి ఏసెయ్. మీ నాయన కొత్తగూడెం పోయి కొత్త పాటల సెట్టు తెస్తనంటుండు" అంది అమ్మ.

"నడుస్తదో లేదో చూడకుండనే పారేస్తరా?" అన్నాను. నా నోటికి ఊళ్లో అప్పటికే పేరుంది లెండి...

దాన్ని పశువుల కొట్టంలోకి చేర్చాను. రేడియోలో అయిపోయిన సెల్లులు తీసి ఎండలో పెట్టాను. మా ఇళ్లల్లో సెల్లులకు అంత తేలిగ్గా చావుండేది కాదు, ఎండ తగిలితే మళ్లీ లేచి కూర్చునేవి. లోపల చక్రాన్ని తిప్పే రబ్బరు సాగిపోయింది. పాత సైకిల్ ట్యూబుని సన్నగా ఉంగరంలా కోసి తగిలించాను. మూడుసార్లు ఊడింది... నాలుగోసారి తిరిగింది.

ముందు ఏదో సినిమా పాట ముక్క. టక్కుమని చప్పుడు. ఆ వెంటనే తాతయ్య గొంతు... "ఆఁ... పాడు ఇగ." ఒక దగ్గు. ఆ తర్వాత మా నాయనమ్మ!

"అద్దరినున్న రామయ్యకు హారతి..."

మాది బూర్గంపాడు దగ్గర పల్లె. భద్రాచలం గోదావరికి అవతలి ఒడ్డు. అందుకని నాయనమ్మ పాటలో రాముడు అద్దరి రామయ్య అయ్యాడు. సొంతంగా కట్టుకున్న పాట. ఊళ్లో ఎవరింట్లో శుభకార్యమైనా నాయనమ్మను పిలిచి ఆ పాటతోనే హారతి ఇచ్చేవారు.

తాతయ్య పోయాక పిలవడం మానేశారు. హారతి పాట ముత్తయిదువే పాడాలట! శుభకార్యమంటే చాలు, నాయనమ్మ తనంతట తానే వెనకగదిలోకి పోయి తలుపు దగ్గరకు వేసుకునేది. రెండేళ్లుగా ఇంట్లో కూనిరాగం కూడా తీయలేదు. నాకు ఒళ్లు మండిపోయేది.

అక్క మొండికేసింది. "నాయనమ్మ పాట లేకుంటే నాకు హారతే వద్దు" అంది. మా మేనత్త, నాన్నకు అక్క, ససేమిరా అంది. "కడుపుతోనున్న పిల్ల... రేపు ఏమన్నైతే ఎవరు జవాబు చెప్తరు?" ఆ మాటతో అక్క ఏడ్చి ఊరుకుంది.

నేను ఊరుకోలేదు. నాన్నను కొట్టంలోకి లాక్కొచ్చాను. "కొత్త సెట్టు వద్దు. శ్రీమంతానికి గిదే పెడ్దాం" అన్నాను.

"ఏంది, మతి పోయిందా? నలుగురొచ్చే ఇల్లు, గీ డబ్బా పెడితే నవ్వుతరు" అన్నాడు. మీట నొక్కాను. తాతయ్య దగ్గు వినగానే నాన్న అక్కడే గడ్డిమోపు మీద కూలబడ్డాడు. అంతా విని, "మల్ల పెట్టు" అన్నాడు. కొత్తగూడెం పోలేదు.

శ్రీమంతం నాడు గాజులు వేయడం అయింది. అత్తయ్య హారతి పళ్లెం ఎత్తి, "ఎవరన్న పాడుండ్రమ్మా" అంది. నేను మీట నొక్కాను. "ఆఁ... పాడు ఇగ..." ఆడవాళ్లందరూ ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు. నాయనమ్మ గొంతు మొదలైంది.

"ఆపవే! పాడొద్దని చెప్పిన్నా లేదా?" అంది అత్తయ్య.

"ఎందుకు ఆపాలె? గీ పాట పాడిననాడు తాతయ్య పక్కనే ఉన్నడు. దగ్గింది ఇనలేదా అత్తమ్మా? గిది ముత్తయిదువ పాటనే!"

ఎవరో కిసుక్కుమన్నారు. పక్కింటి ముసలమ్మ, "అవ్... పిల్ల చెప్పిందాంట్ల తప్పేముంది?" అంది. తండ్రి గొంతు వింది కదా, అత్తయ్య కళ్ల నీళ్లు కారుతుంటే పళ్లెం తిప్పడం మొదలుపెట్టింది.

రెండో చరణంలో... గుర్ర్ర్ మంటూ టేపు చుట్టుకుపోయింది! మూత తీస్తే సేమ్యాలాగా బయటికొచ్చి పడింది. మా వైపు హారతి ఎత్తాక పాట మధ్యలో ఆగకూడదు. అది మహా అపశకునం. తక్కిన చరణాలు అక్కడెవరికీ రావు. వచ్చినావిడ తలుపు వెనకాల ఉంది. కర్పూరం అయిపోవస్తోంది. అక్క ముఖం పాలిపోయింది.

అత్తయ్యే... ఆ అత్తయ్యే వెనకగది వైపు తిరిగి గొంతు చించుకుంది. "అమ్మా! అందుకో జల్దీ!"

తలుపు వెనకాల నుంచే, తెగిన మాట దగ్గర పాట అందుకుంది నాయనమ్మ. గొంతు వణికింది, శ్రుతి తప్పింది... అయినా ఆపలేదు. పాడుకుంటూనే తలుపు తీసింది, పాడుకుంటూనే వచ్చి అక్క నెత్తిన చెయ్యి పెట్టింది. చివరి చరణం దాకా పాడింది. ఆ రోజు నేను ఏడ్చినంత ఎప్పుడూ ఏడవలేదు.

అక్కకేమీ కాలేదు. పండంటి ఆడపిల్ల పుట్టింది. ఆ పిల్ల బారసాలకు పాడింది కూడా నాయనమ్మే. ఎవరో గొణిగితే, "మీరు పిలిచినా పిలవకున్నా నేను పాడుత... చెవులు మూసుకోండ్రి" అంది.

ఇప్పుడు హారతికి ఫోన్లో ఏదో ఒకటి నొక్కేస్తున్నాం. మొన్న మా ఇంట్లో కూడా ఇల్లంతా మోగే కొత్త స్పీకరు కొందామన్నారు. ఉన్నదే బాగుచేసుకుందామని కొననివ్వలేదు, కొననివ్వను... మీరు పీనాసి అనుకున్నా సరే!

మీ అటక మీద ఏముందో ఎక్కి చూసి, దొరికిన పాట ఏదో నాకూ చెప్పండి. మీ ఇంట్లో పాడొద్దని ఎవరినైనా వెనకగదిలో కూర్చోబెట్టారా? ముందు వాళ్ల తలుపు తట్టండి... ఒకప్పుడు ఎవరు పాడాలి, ఎవరు పాడకూడదు అని పోట్లాడుకున్నాం. ఇప్పుడా పోట్లాట లేదు... పాడేవాళ్లే లేరు.