బాగుంది అన్న మాట

మా సారు పోయారని హోసూరు పక్కన జూజువాడి నుంచి ఫోను వచ్చింది. చేసింది ఆయన భార్య. "పొద్దున కాపీ తాగి కుర్చీలో కూర్చున్నారమ్మా, మళ్ళ లేయలేదు," అన్నారు. "వస్తానమ్మా" అని పెట్టేశాను.

మీరెవరూ ఆయన పేరు విని ఉండరు. హోసూరులో ఒక ఫ్యాక్టరీలో డ్రాయింగులు గీసే ఉద్యోగం ఆయనది. ఆదివారాలు మాత్రం చెక్‌పోస్టు దగ్గర టైర్ల అంగడి మీది గదిలో కంప్యూటరు ముందు కూర్చునేవారు. తొంభైల చివర్లో, కంప్యూటర్లో బొమ్మల్ని కదిలించాలనే పిచ్చి పట్టిన ఆరేడుగురం ఆ గదికి చేరేవాళ్ళం. ఒకతనికి బెంగళూరు స్టూడియోలో అదే ఉద్యోగం, మిగతావాళ్ళం సరదాకొద్దీ నేర్చుకునేవాళ్ళం. వారమంతా చేసింది తెచ్చి చూపిస్తే మిగతావాళ్ళు తప్పులు చెప్పాలి. కింద లారీలు పోతుంటే బల్ల వణికేది.

ఆ గదిలో ఒక మాట నిషేధం. అది "బాగుంది". ఎవరైనా నోరు జారి అంటే, మెట్లు దిగిపోయి అందరికీ టీ మోసుకురావాలి. "బాగుందంటే వాడు ఇంటికి పోయి పండుకుంటాడు. యాడ చెడిందో చెప్పండప్పా, కూర్చోని పని చేస్తాడు," అనేవారు సారు.

మాది సామల్పట్టి దగ్గర పల్లెలో పశువులు మేపుకునే ఇల్లు. ఆ సంగతి దాచి, కృష్ణగిరి టౌను అని చెప్పుకున్నాను. ఒక ఆదివారం, పడుకున్న ఆవు లేచి నిలబడే బొమ్మ తీసుకెళ్ళాను. ఎవరో ఇచ్చిన విదేశీ సీడీలో గుర్రం ఎలా లేస్తుందో పాఠం ఉంటే, దాన్ని చూసే చేశాను. నా ఆవు దర్జాగా ముందుకాళ్ళ మీద లేచింది.

సారు రెండుసార్లు చూశారు. "ఇది ఆవు తోలు కప్పుకున్న గుర్రం కదమ్మా! ఆవు ముందుగా వెనక్కాళ్ళు ఎత్తతాది. ఆవునెప్పుడూ చూడలేదా నువ్వు?"

గదంతా నవ్వింది. నాకు ఏడుపు ఆగలేదు. "ఆవుల మధ్యనే పెరిగినాను సార్," అన్నాను.

ఆయన నవ్వలేదు. కుర్చీ దగ్గరికి లాక్కుని, "మరి నీకీ సీడీ ఎందుకమ్మా? ఇంటికి పో. ఆవు పక్కన కూర్చోని చూడు," అన్నారు.

వెళ్ళి కూర్చున్నాను. "ఆవు లేసేది చూసేకి ఇంత చదువు చదవల్లనా?" అని మా నాయన ఎగతాళి చేశాడు గానీ, నాకోసం ఆవును తనే పదిసార్లు అదిలించి లేపాడు. అది చూసి మళ్ళీ చేసిన ఆవు బొమ్మను చూపించే బెంగళూరు స్టూడియోలో ఉద్యోగం తెచ్చుకున్నాను.

కొత్తగా నేర్చుకునేవాళ్ళ బొమ్మలు నడుస్తుంటే పాదాలు నేలమీద జారుతాయి. సారుకు అది కంట్లో నలుసు. "మోపిన కాలు గుంజకు కట్టేసినట్ల నిలబడల్ల. ఒళ్ళు దానిమింద ముందుకు పోనీ," అనేవారు. ఆ మాట ఆఫీసులో ఎంతమందికి చెప్పానో! సొంత తెలివిలాగానే చెప్పాను.

అందరి తప్పులూ చెప్పిన మనిషి తను మాత్రం ఏదీ పూర్తిచేసి చూపించలేదు. రెండేళ్ళ కిందట ఎవరి చేతో ఒక సీడీ పంపారు. దాని మీద "నా మొదటిది. తప్పులు చెప్పమ్మా" అని రాసి ఉంది. ఆఫీసు పనుల్లో పడి దాన్ని సొరుగులో పడేశాను. నెల తర్వాత ఆయనే ఫోను చేశారు.

"చూసినావామ్మా?"

"చూసినాను సార్. బాగుంది."

అటువైపు లారీల చప్పుడు వినిపించింది. నేను ఏమన్నానో అప్పుడు తెలిసింది.

"సరేలేమ్మా. నీకు పనులుంటాయి," అన్నారు. మళ్ళీ ఎప్పుడూ అడగలేదు. నేనూ సిగ్గుతో ఫోను చెయ్యలేదు. ఆ సీడీని ముట్టుకోనూ లేదు.

సారును సాగనంపి వచ్చాక సొరుగు తీశాను. సీడీలో ఒక ముసలి ఆవు పడుకుని ఉంది. ముందు మోకాళ్ళ మీదికి వాలి, వెనక్కాళ్ళు మెల్లగా ఎత్తింది. ఎముకలు కనిపిస్తున్న ఆ నడుములో ఎంత బరువుందో నాకు తెలిసింది. అలాంటిది నేను ఇప్పటికీ చెయ్యలేను. తర్వాత ముందు కుడికాలు చాపి నేలమీద మోపింది. డెక్క కాస్త జారింది.

చిన్న తప్పు. ఒక్క ఫోనులో చెప్పి ఉంటే ఆ పూటే సరిచేసుకునేవారు. ఎక్కడో ఏదో తేడాగా ఉందని ఆయనకు తెలిసే ఉంటుంది, అందుకే అడిగారు.

"ముందు కుడికాలు జారతాంది సార్. కట్టేయండి," అని పైకే అన్నాను.

బొమ్మ మొదటికి వచ్చింది. ఆవు మళ్ళీ వెనక్కాళ్ళు ఎత్తింది. ముందుకాలు మోపింది, జారింది.