తొడుగు కింది పన్ను

బస్టాండులో ఆమెను అందరూ మైకమ్మ అనేవాళ్లు. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తోందో అద్దాల గదిలో కూర్చుని మైకులో చెప్పడం ఆమె ఉద్యోగం. "నువ్వు పిలిస్తే నా డొక్కు బండి కూడా కొత్తదైపోతుందమ్మా" అని డ్రైవర్లు వేళాకోళమాడేవాళ్లు.

ఆమె తల్లికి నడివయసులోనే పళ్లన్నీ ఊడిపోయాయి. ఆ బోసినోటి మాటల్ని నలుగురూ వెక్కిరించడం ఆమె చిన్నప్పుడే చూసింది. అందుకే ఎన్ని పనులున్నా ఆర్నెల్లకోసారి పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లేది. ఆయన చిన్న అద్దం నోట్లో పెట్టి అటూ ఇటూ తిప్పి, "మీ పళ్లకేమమ్మా, రాళ్లలా ఉన్నాయి" అనేవాడు. ఆమె మురిసిపోతూ ఇంటికొచ్చేది.

ఎప్పుడో విరిగిన కింది దవడపన్నుకు తొడుగు వేసిందీ ఆయనే. ఒక వేసవిలో చల్లటి నీళ్లు తాగితే అక్కడ జివ్వుమంది. వెళ్లి చెప్పింది.

"గట్టిగా తోముతున్నట్టున్నారు. పేస్టు మార్చండి."

మార్చింది. కొన్నాళ్లకు ఆ జివ్వుమనడం దానంతటదే ఆగిపోయింది. హమ్మయ్య అనుకుంది. లోపల నరం చచ్చిపోతే నొప్పీ పోతుందని ఆమెకెవరు చెప్పారు గనక?

తర్వాత నోరంతా చేదు. ఒకరోజు భర్త నసుగుతూ, "ఏమనుకోకు, నీ నోరు వాసనొస్తోంది" అన్నాడు. ఆమెకు తల కొట్టేసినట్టయింది. మళ్లీ డాక్టరు దగ్గరికి పరుగెత్తింది. మళ్లీ అదే అద్దం. "పళ్లలో ఏం లేదమ్మా. కడుపులో తేడా అయ్యుంటుంది."

ఒక మధ్యాహ్నం మైకు ముందు, మాట మధ్యలో దవడ పట్టేసింది. సాయంత్రానికి చెంప బంతిలా ఉబ్బింది. ఒళ్లు కాలిపోతోంది, గుటక పడడం లేదు. భర్త పెద్దాసుపత్రికి తీసుకెళ్లాడు. అక్కడి డాక్టరమ్మ ఎక్స్‌రే తీయించి, వెలుతురుకెత్తి చూసింది.

"తొడుగు బాగానే ఉంది. దాని కింద పన్నే లేదు, మొత్తం పుచ్చిపోయింది. చీము ఎముకలోకి దిగింది. ఇన్నాళ్లూ ఎక్కడా చూపించుకోలేదా?"

"తప్పకుండా చూపించుకుంటూనే ఉందండీ."

"ఎక్స్‌రే తీశారా?"

భర్త అడ్డంగా తలూపాడు.

ఆపరేషన్ చేసి ఆ పన్నూ, పక్క పళ్లూ, కొంత ఎముకా తీసేశారు. ప్రాణం దక్కింది గానీ కింది పెదవి సగం మొద్దుబారిపోయింది. పెదవికి వెళ్లే నరం దెబ్బతింది, మళ్లీ కోలుకునే ఆశ లేదన్నారు. తిరిగి ఉద్యోగంలో చేరిన రోజే మైకు అందుకుంది. "ప్లాట్‌ఫారం" అన్న మాట నోట్లోనే నలిగిపోయింది. ప్రయాణికులు ఏ బస్సో తెలియక ఒకళ్లనొకళ్లు అడిగారు. ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ వారమే ఆమెను సామాన్లు దాచే గదికి మార్చారు.

ఆమె ఆ పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లింది. ఆయన తల వంచుకునే, "పైకి కనిపించలేదమ్మా" అన్నాడు.

"పైకి కనిపించేది చూసుకోడానికి మా ఇంట్లో అద్దముందండీ." మాట ముద్దముద్దగా వచ్చింది. ఆయనకు అర్థం కాలేదు. "ఏమన్నారు?" అన్నాడు. ఆమె లేచి వచ్చేసింది.

ఇప్పుడామె గోడవైపు తిరిగి తింటుంది. మెతుకు జారినా పెదవికి తెలియదు. "ఇటు తిరిగి తినవే, నేనేగా ఉన్నది" అంటాడు భర్త. ఆమె తిరగదు.