పేపర్లో లేని పిల్ల

నా చిన్నప్పుడు మా బాపుకు జరిగిన అవమానం ఒకటి నేను ఇప్పటికీ మరిచిపోలేదు. మరిచిపొమ్మని ఇంట్లో అందరూ అంటారు. అవమానం సంగతి సరే, ఆ వెంటనే జరిగింది నాకు ఈనాటికీ అర్థం కాలేదు. అర్థం కానిదాన్ని ఎట్లా మరిచిపోవాలి?

నిజామాబాద్ జిల్లా వర్ని దగ్గర చెరుకు తూచే కాటా ఒకటి ఉండేది. పొద్దున్నే ఎడ్లబండ్లు వరుస కట్టేవి. కొట్టిన చెరుకు ఎండిన కొద్దీ బరువు తగ్గుతుంది కాబట్టి అందరికీ తొందరే. ఆ రోజు మా వంతు వచ్చిందనగా ఎద్దు కుంటింది. దాని డెక్కలో మేకు దిగింది. తీయడానికి బాపు బండిని పక్కకు లాగాడు. ఆయన చేసిన పొరపాటు అదే. వరుస విడిచిన బండి మళ్ళీ చివరికే పోవాలన్నాడు తూకం రాసే కాటా బాబు. చివరికి పోతే ఆ రోజు తూకం అందదు, చెరుకు బండి మీదే ఎండిపోతుంది. బాపు జరిగింది జరిగినట్టు చెప్పాడు, మేకు తీసి చూపించాడు. ఆ మనిషి తల కూడా ఎత్తలేదు.

పక్కనే ఉన్న చాయ్ హోటల్లో మా చిన్నాయన పేపరు పైకి చదువుతున్నాడు. చదువు రానివాళ్ళు చుట్టూ కూర్చున్నారు. మంత్రుల మాటలు చదివినంతసేపూ ఎవరి ముచ్చట్లు వారివే. కాటా బాబు చాయ్ తాగడానికి రాగానే చిన్నాయన పేజీ తిప్పి, గొంతు తగ్గించాడు. చెరుకు బండి మీద ఒక చిన్నపిల్లట. ఎద్దు కుంటితే జడ రిబ్బను విప్పి దాని కాలికి కట్టిందట. తండ్రి మొహం చూసి వెక్కి వెక్కి ఏడ్చిందట. కూర్చున్నవాళ్ళంతా చిన్నాయన వైపు తిరిగారు. నేను ఆయన పక్కనే నిలబడి ఉన్నాను. ఆ పేజీలో ఉన్నది ఎరువు బస్తా బొమ్మ ఒక్కటే.

కాటా బాబు చాయ్ చల్లారిపోయింది. "గా పిల్లది ఏ ఊరయ్యా?" అన్నాడు.

"ఊరు రాయలే సారూ. గీడ బండ్లల్ల గూడ గసొంటి పిల్ల ఉండొచ్చు."

ఆయన నా వైపు చూశాడు. నా రెండు జడలకూ రిబ్బన్లున్నాయి, నోట్లో చెరుకు ముక్క ఉంది. అయినా "ఏడ్వకు బిడ్డా" అని తల నిమిరి, పోయి మా బండిని కాటా మీదికి పిలిచాడు. బాపుతో మాత్రం ఒక్క మాట మాట్లాడలేదు.

తిరిగి వచ్చేటప్పుడు చిన్నాయనను నిలదీశాను. "నేనేడ్సిన్నా? అబద్ధమెందుకు చెప్పినవ్?"

"మీ బాపు నిజమే చెప్పిండు గదనే. ఏమైంది?" అన్నాడు. "మేకు ముచ్చట గాయన రోజూ ఇంటడు. ఇంటికాడ గాయనకు గూడ ఓ బిడ్డ ఉంటది."

బాపు ఎద్దు పక్కన నడిచాడు.

ఇప్పుడు నేను నిజామాబాద్‌లో ఉంటున్నాను. మా వీధి మురికికాలువ గురించి మున్సిపల్ ఆఫీసు చుట్టూ తిరుగుతున్నాను. అక్కడి మనిషి నా అర్జీ తీసుకుని పక్కన పడేస్తాడు. నీ మోకాళ్ళ నొప్పి సంగతి కూడా చెప్పు, వింటారు అంటుంది కోడలు. చెప్పను. కాలువ నిండిందంటే చాలదా? కానీ పొద్దున పేపరు రాగానే కాలువలూ రోడ్లూ వదిలేసి, ముక్కూమొహం తెలియని ఏ పిల్ల కథో వెతుక్కుని చదువుతాను. చదివి కళ్ళు తుడుచుకుంటాను. ఆ ఆఫీసు మనిషి మీద కోపం మాత్రం తగ్గదు.