అహరోను గడియారం

పదిహేను నిమిషాలు నిండనిదే అహరోను నోటి నుంచి ఫలితం రాదు. ఇచ్చోడ పక్కన మా చిన్న దవాఖానలో ఆయన ల్యాబ్ టెక్నీషియన్, నేను నర్సును. ముక్కులో పుల్ల తిప్పి ఆ తడిని కిట్టులో వేస్తే చాలు. కరోనా, ఫ్లూ, పసిపిల్లల ఊపిరి పట్టేసే ఆర్‌ఎస్‌వీ, ఏదున్నా గీత పడుతుంది. ఒక్కోసారి మూడో నిమిషానికే కనబడుతుంది. అయినా ఇంటి నుంచి తెచ్చుకున్న ఆ డొక్కు అలారం గడియారం మోగేదాకా చెప్పడు, లేవనివ్వడు. పైగా తిడతాడు.

ఒకసారి పత్తి వ్యాపారి పర్శరాములు ఆగలేకపోయాడు.

"గీత పడ్డది గద సారూ, జర చెప్పరాదు!"

"గడియారం మోగిందా?"

"మోగలే."

"బియ్యం పొయ్యి మీద పెట్టంగనే తింటవా? ఎన్నొద్దుల సంది దగ్గుతున్నవ్?"

"వారం సంది."

"వారం దగ్గినోనివి, పావుగంట కూసోనికి ఏం రోగం?"

మా పాస్టరు గారు ప్రార్థనలో తుమ్మితే, ఆమెన్ అయీ కాకముందే రెక్క పట్టి తెచ్చి కుర్చీలో కూలేశాడు. బయట వరుస రోడ్డెక్కేది. జనం తిట్లన్నీ నాకు. "నీకు గడియారమే దేవుడన్నా" అని మొహం మీదే అన్నాను. చెవిన పెడితేగా!

మొన్న జనవరిలో బోథ్ నుంచి నవీన మూడు నెలల పాపను ఎత్తుకొచ్చింది.

"నిన్నటి సంది పాలు తాగుతలేదు సారూ. జల్ది చూడుండ్రి, బస్సు పోతది."

"పోనీ. పోరి అంగీ ఇప్పు, కూసో."

పుల్ల తిప్పాడు, గడియారానికి కీ ఇచ్చాడు. ఇంకేం, పావుగంట తిట్లే అనుకున్నాను. తిట్టలేదు. చూపు పాప ఛాతీ మీదే ఉంది, పెదాలు కదులుతున్నాయి. రెండో నిమిషంలో దిగ్గున లేచాడు.

"రెబెకా! డాక్టరమ్మను పిలువు, అంబులెన్సుకు ఫోన్ కొట్టు! నిమిషానికి డెబ్బై రెండు ఊపిర్లు! డొక్కలు ఎగరేస్తుంది!"

"అన్నా, గడియారం మోగలే..."

"గడియారం బొందల వడ! ఉరుకు!"

డాక్టరమ్మ ఆక్సిజన్ పెట్టింది. అంబులెన్సు ఆదిలాబాద్ వైపు కదులుతుండగా గడియారం మోగింది. అప్పుడు చూశాడు కిట్టు. ఆర్‌ఎస్‌వీ. పాపను మిగతా పిల్లలకు దూరంగా ఉంచమని అక్కడి పెద్ద దవాఖానకు ఫోన్ చేశాడు.

"ఇన్నొద్దులు అందరి ఊపిర్లు లెక్కపెడుతున్నవా అన్నా?"

"గీత రోగం పేరు చెప్తది. మనిషెట్లున్నడో చెప్తదా? కూసుండబెట్టకుంటే ఎట్ల చూడాలె?"

"మరి తిట్టుడెందుకు?"

"తిట్టకుంటే ఉరుకుతరు."

నాకు సిగ్గేసింది.

పన్నెండు రోజులకు నవీన వచ్చింది. చంకలో పాప ఆయన గడియారం కోసం చేతులు చాస్తోంది. దండం పెట్టబోతూ నవీన తుమ్మింది.

"తుమ్ములు ఎప్పటి సంది?" అన్నాడు అహరోను.

"అయ్యో సారూ, బస్సు పోతది!"

ఆయన నోరు తెరవకముందే నేను కుర్చీ లాగాను.

"పోనీ బిడ్డా. కూసో, గడియారం మోగనీ."